కంచుకి వచ్చాడా, వచ్చిందా?

సందేహం: ఈమధ్య ఒక చారిత్రక కథలో "కంచుకి వచ్చి రాణిగారికి విన్నవించింది" అని చదివాను. కంచుకి మగవాడని నేను విన్నాను. నా స్నేహితుడేమో, అంతఃపురంలో ఉంటాడు కాబట్టి నపుంసకుడే అంటున్నాడు. కంచుకం అంటే రవిక కదా, మరి ఈ ఉద్యోగికి ఆ పేరెందుకు వచ్చింది?

సమాధానం: మీరు విన్నదే సరైనది. కంచుకి అంటే రాజుల అంతఃపురాన్ని చూసుకునే ఉద్యోగి, మగవాడు. "కంచుకి వచ్చాడు, విన్నవించాడు" అనే రాయాలి. చివర ఇకారం ఉందని స్త్రీలింగం అనుకోకూడదు. యోగి, మంత్రి ఎలాంటి మాటలో ఇదీ అలాంటిదే. "అది కలవాడు" అని చెప్పే సంస్కృత ప్రత్యయం 'ఇన్' చేరి, కంచుకం కలవాడు కంచుకి అయ్యాడు.

ఇక కంచుకం. రవిక అనేది దాని అర్థాల్లో ఒకటి మాత్రమే. ఒంటిని కప్పి ఉంచే తొడుగు ఏదైనా కంచుకమే. యోధుడి కవచమూ కంచుకమే, పాము విడిచే కుబుసమూ కంచుకమే. మన తెలుగులోనూ ఇదే జరిగింది చూడండి: కుప్పసం అంటే రవిక, దాని మరో రూపమైన కుబుసం పాముది. కంచుకి తొడుక్కున్నది మాత్రం రవిక కాదు, పొడుగాటి వదులు అంగీ. పోలీసులను ఖాకీలు అన్నట్టే, ఉద్యోగపు దుస్తులే ఆ ఉద్యోగికి పేరయ్యాయి.

ఆ అంగీ ఎంత వదులుగా ఉండేదో హర్షుడి రత్నావళి నాటిక రెండో అంకం చెబుతుంది. గుర్రపుశాల నుంచి కోతి తప్పించుకుని అంతఃపురంలో పడుతుంది. అందరూ హడలిపోతారు. అక్కడి మరుగుజ్జు భయంతో ఏం చేశాడంటే, "అంతః కంచుకికంచుకస్య విశతి" – కంచుకి కంచుకంలోకే దూరాడు! ఒక మనిషి దాక్కోగలిగినంత అంగీ అన్నమాట. నాకు ఎంతో ఇష్టమైన శ్లోకం ఇది. మీ స్నేహితుడి మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇదే శ్లోకంలో సిగ్గు విడిచి పారిపోయినవాళ్లు 'వర్షవరులు'. అంతఃపురంలో పనిచేసే నపుంసకులకు ఆ పేరు. కంచుకి వేరు, వర్షవరుడు వేరు. అమరకోశం కూడా రెండింటినీ విడివిడిగానే చెప్పింది: సౌవిదల్లుడు, స్థాపత్యుడు, సౌవిదుడు అనేవి కంచుకికి పర్యాయపదాలు; షండుడు, వర్షవరుడు అనేవి మరో జంట.

మరి పరాయి మగవాడిని రాణివాసంలోకి ఎలా రానిచ్చేవారు? వయసును బట్టి, నమ్మకాన్ని బట్టి. నాటక వ్యాఖ్యాతలు తరచూ ఉదాహరించే లక్షణ శ్లోకం ప్రకారం కంచుకి వృద్ధుడు, బ్రాహ్మణుడు, గుణవంతుడు, అన్ని పనుల్లో నేర్పరి. శాకుంతలం ఐదో అంకంలో కంచుకి తన చేతిలోని బెత్తం గురించి అనే మాట మనసును పట్టేస్తుంది: ఒకప్పుడు ఆచారం కోసం పట్టుకున్న బెత్తమే ఇప్పుడు తడబడే నడకకు ఊతకర్ర అయిందట. ఉద్యోగంలోనే ముసలివాడైన మనిషి అతను. ఉత్తరరామచరితంలో కంచుకి అలవాటు కొద్దీ "రామభద్రా" అని పిలిచి, వెంటనే తడబడి "మహారాజా" అని దిద్దుకుంటాడు. రాముడు చిరునవ్వుతో, నాన్నగారి పరివారం నోట రామభద్ర అన్న పిలుపే బాగుంటుందంటాడు. కంచుకికి రాజకుటుంబంలో ఉన్న చనువు, గౌరవం రెండూ ఇక్కడ కనిపిస్తాయి.

ఆ కథారచయిత పొరబాటుకు కారణం బహుశా ప్రతీహారి అయి ఉండవచ్చు. సంస్కృత నాటకాల్లో రాజుకు కబుర్లు తెచ్చే ద్వారపాలిక ఆమె. శాకుంతలంలో వేత్రవతి అలాంటిదే. ఆమె ప్రాకృతంలో మాట్లాడుతుంది, కంచుకి సంస్కృతంలో మాట్లాడతాడు. ఇద్దరూ కబుర్లు మోసేవాళ్లే కాబట్టి తికమక పడటం సులువు. ఆ వాక్యంలో ఉన్నది స్త్రీయే అయితే "ప్రతీహారి వచ్చి విన్నవించింది" అని మారిస్తే చాలు.

తెలుగు రాజుల కథ రాసేటప్పుడు కంచుకికి బదులు 'హెగ్గడి' అనే మాట కూడా వాడుకోవచ్చు. అంతఃపుర రక్షకుడనే అర్థం దానికి మన కావ్యభాషలో ఉంది. కన్నడంలో పెద్ద అధికారిని చెప్పే పెర్గడె, హెగ్గడె అనే మాటకు ఇది చుట్టం. ఎఱ్ఱాప్రెగ్గడ పేరులోని ప్రెగ్గడ కూడా ఆ కుటుంబానిదే, అయితే దానికి మంత్రి అనే అర్థం స్థిరపడింది.