‘ఐబీఎం వాళ్లు పరీక్షించే పంపారు కదా, మళ్లీ మనమెందుకు?’

పాఠకుల ప్రశ్నలకు బరంపురంలో స్థిరపడిన ఒక రిటైర్డ్ మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్స్ ప్రోగ్రామర్ జవాబులు

ప్రశ్న: మాస్టారూ, ఒక బీమా కంపెనీ మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద కంప్యూటర్) పనిని ఇంటి నుంచే చూసుకుంటున్నాను. ఈ క్వార్టర్ దాని ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్‌ఓఎస్‌కి మెయింటెనెన్స్, అంటే ఐబీఎం పంపిన దిద్దుబాట్లు, వేయాలి. శాండ్‌బాక్స్‌లో (పరీక్షల సిస్టమ్‌లో) ఒక రాత్రి ఐపీఎల్ చేసి (ఆపి మళ్లీ లేపి), లాగాన్ అయితే చాలు, వచ్చే వారం ప్రొడక్షన్‌లో (అసలు పని నడిచే సిస్టమ్‌లో) వేసేయమంటున్నారు మా మేనేజరు. ఐబీఎం వాళ్లు పరీక్షించే పంపారు కదా అంటున్నారు. ఏం చెప్పమంటారు?
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ మేనేజరు మాటలో సగం నిజముంది నాయనా. ఐబీఎం వాళ్లు పరీక్షిస్తారు, బాగానే పరీక్షిస్తారు. పీటీఎఫ్‌లను, అంటే దిద్దుబాట్లను, విడివిడిగా కాక డీబీ2, సీఐసీఎస్, ఐఎంఎస్, ఎంక్యూ వంటి తమ ఇతర సాఫ్ట్‌వేర్లతో కలిపి నడిపి చూసి, క్వార్టర్‌కోసారి ‘ఆర్‌ఎస్‌యూ’ అనే సిఫారసు స్థాయి ప్రకటిస్తారు. మీరు వేయవలసింది అదే. కనిపించిన ప్రతి కొత్త పీటీఎఫ్‌నీ ఎగబడి వేయకండి. అయితే మీ కంపెనీ ఎప్పుడో అసెంబ్లర్‌లో రాసుకున్న జెస్2 ఎగ్జిట్ (జాబ్‌లను వరసలో పెట్టి నడిపే జెస్2కి తగిలించిన సొంత కోడ్) వాళ్ల దగ్గర ఉందా? మీరు బయట కొన్న జాబ్ షెడ్యూలరు, టేపుల సాఫ్ట్‌వేరు, మీ నెలాఖరు ప్రీమియం బ్యాచ్ ఉన్నాయా? ఈ మిశ్రమం ప్రపంచంలో ఒక్క మీ దగ్గరే ఉంటుంది. కాబట్టి దాన్ని పరీక్షించగలిగింది కూడా మీరే.

ముందు కాగితం పని. వేసే రోజు పొద్దున్నే తాజా హోల్డ్‌డేటా, అంటే ఏ పీటీఎఫ్‌ను ఎందుకు ఆపి చూడాలో ఐబీఎం ఇచ్చే సమాచారం, తెచ్చుకోండి. నిన్నటిదాకా మంచిదన్న పీటీఎఫ్ ఇవాళ ‘పీఈ’ అయి ఉండొచ్చు, అంటే దిద్దుబాటులోనే దోషం బయటపడి ఉండొచ్చు. ఇప్పటికే వేసిన వాటిలో అలాంటివి ఉన్నాయేమో ఎస్‌ఎంపీఈలో (దిద్దుబాట్లు వేసి, వాటి లెక్క ఉంచే సాధనంలో) ఎర్రర్ సిస్‌మాడ్స్ రిపోర్టు తీస్తే తెలిసిపోతుంది. తర్వాత అప్లై చెక్, అంటే నిజంగా వేయకుండా ముందు సరిచూసుకోవడం. దాన్నే ‘టెస్టింగ్’ అనుకునే వాళ్లను చాలామందిని చూశాను. అది మీ లైబ్రరీలను ముట్టుకోదు. ముందు పడవలసిన పీటీఎఫ్‌లు ఉన్నాయా, యూజర్‌మాడ్‌లతో (మీరు సొంతంగా చేసుకున్న మార్పులతో) గొడవ వస్తుందా అని లెక్క చూస్తుంది, అంతే. కోడ్ నడుస్తుందో లేదో దానికి పట్టదు.

అసలు పాపం బైపాస్‌తో మొదలవుతుంది. హోల్డులు, అంటే ‘ఇది చూడకుండా వేయొద్దు’ అని ఆపే గుర్తులు, వందల్లో వస్తాయి, చదవడానికి విసుగు, అందుకని అన్నిటికీ కలిపి ఒక బైపాస్ (హోల్డుల్ని పట్టించుకోకుండా వేసేయమనే ఆజ్ఞ) కొట్టేస్తారు. ‘యాక్షన్’ అని ఉన్న హోల్డుల్ని ఒక్కొక్కటిగా చదవాల్సిందే, అడ్డదారి లేదు. నేను పనిచేసిన ఒకచోట జెస్2 కంట్రోల్ బ్లాక్ (లోపలి సమాచార పట్టిక) మారిందని, ఎగ్జిట్లన్నీ మళ్లీ అసెంబుల్ చేయాలని హోల్డులో స్పష్టంగా ఉంది. ఎవరూ చదవలేదు. శాండ్‌బాక్స్‌లో ఆ ఎగ్జిట్ అసలు వేసి లేదు కాబట్టి అక్కడ అంతా పచ్చగా కనిపించింది. డెవలప్‌మెంట్ ఎల్‌పార్‌కి (మెయిన్‌ఫ్రేమ్‌లో డెవలపర్లకు విడదీసిన భాగానికి) వచ్చేసరికి సబ్మిట్ చేసిన జాబ్ చేసినట్టే పడిపోయింది. శాండ్‌బాక్స్ అంటే ఖాళీ సిస్టమ్ అనుకోవద్దు. ప్రొడక్షన్‌లో ఏ ఎగ్జిట్లు, ఏ ప్రొడక్టులు ఉన్నాయో అవే అక్కడా ఉండాలి.

‘లాగాన్ అయింది, చాలు’ అన్నదానికి నా జవాబు ఇది. పాత ఐపీఎల్ కన్సోల్ లాగ్, కొత్తది పక్కపక్కన పెట్టి, కొత్తగా వచ్చిన మెసేజీలేవో, మాయమైనవేవో చూడండి. మాయమైనవి ముఖ్యం. మీ ఆటోమేషన్ ఏదో ఒక మెసేజీ కోసం కాచుకుని కూర్చుని ఉండొచ్చు. నెలాఖరు బ్యాచ్‌ను పాత డేటా కాపీతో నడిపి, అవుట్‌పుట్‌ను ముందు రన్‌తో సూపర్‌సీ అనే పోలిక సాధనంలో పోల్చండి. ఎస్‌ఎంఎఫ్ 30 రికార్డుల్లో (జాబ్‌ల వాడకం లెక్కల్లో) సీపీయూ టైము పెరిగిందా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, కామన్ స్టోరేజీని (అన్ని ప్రోగ్రాములూ పంచుకునే మెమరీని) కొన్ని రోజులు వరసగా గమనించండి. రోజూ కొంచెం కొంచెం కారే లీకు ఒక రాత్రిలో దొరకదు. పని లేని సిస్టమ్‌లో అసలే దొరకదు. మూడో వారం ప్రొడక్షన్‌లో దొరుకుతుంది! అందుకే డెవలప్‌మెంట్ మీద కనీసం ఒక నెలాఖరు దాటనివ్వమంటాను.

ఇక వెనక్కి రావడం. వేసిన దిద్దుబాటును తీసేసే ఎస్‌ఎంపీఈ రిస్టోర్‌ని నమ్ముకోకండి. ఒకదాన్ని తీయాలంటే దాని మీద ఆధారపడ్డవన్నీ తీయాలి, యాక్సెప్ట్ చేశాక (శాశ్వతంగా ఖాయం చేశాక) ఆ దారీ ఉండదు. మెయింటెనెన్స్‌ను ఎప్పుడూ సిస్‌రెస్ (సిస్టమ్ లేచే డిస్కు) కాపీ మీద, దానికి జతైన జెడ్‌ఎఫ్‌ఎస్ (యూనిక్స్ ఫైళ్లు) కాపీ మీద వేయండి. తేడా వస్తే పాత సిస్‌రెస్ నుంచి ఐపీఎల్. ఆ వెనక్కి వచ్చే ఐపీఎల్‌ను కూడా శాండ్‌బాక్స్‌లో నిజంగా చేసి చూడండి, పాత సిస్‌రెస్‌తో పాత జెడ్‌ఎఫ్‌ఎస్సే మౌంట్ అయిందో లేదో తెలుస్తుంది. ప్రొడక్షన్ సిస్‌ప్లెక్స్ (కలిసి ఒకటిగా పనిచేసే సిస్టమ్‌ల గుంపు) అయితే ఒక సిస్టమ్‌ను మార్చి, పాతదీ కొత్తదీ వారం పాటు కలిసి నడవనిచ్చి, అప్పుడు మిగతావి.

ఇంకోమాట. పర్లాకిమిడిలో కూర్చుని చేసే పని కాబట్టి చెప్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ఏం చేసిందో గుర్తుందిగా. అక్టోబరు, నవంబరుల్లో ఐపీఎల్ పెట్టుకుంటే వేరే ఊళ్లో ఉన్న మరొకరు అదే ప్లాన్ కాగితంతో లైన్‌లో ఉండాలి. మీ మేనేజరుకి ఈ ఒక్క పాయింటైనా వెంటనే ఎక్కుతుంది.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి బెంగళూరులో ఇదే పని. పండక్కి వచ్చినా శనివారం రాత్రంతా కంప్యూటర్ ముందే. పగలు చేసుకోకూడదా?
- ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో చాలా దిద్దుబాట్లు దాన్ని ఆపి మళ్లీ లేపితేగాని అమల్లోకి రావు. ఆ లేపడాన్నే ఐపీఎల్ అంటారు. మజ్జిగౌరమ్మ గుడి తలుపులు చైత్ర జాతర రద్దీలో వేసి రంగులు వేయరు కదా, ఇదీ అంతే. జనం లావాదేవీలు తగ్గేది శనివారం అర్ధరాత్రి దాటాకే. టెన్షన్ పడకండి. ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్ర లేపకండి, చాలు.

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. మెయిన్‌ఫ్రేమ్ లేకుండా ఈ మెయింటెనెన్స్ పని నేర్చుకోగలనా?
- ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: కొంతవరకు భేషుగ్గా నేర్చుకోవచ్చు. హెర్క్యులిస్ అనే ఉచిత ఎమ్యులేటర్ (మెయిన్‌ఫ్రేమ్‌ను అనుకరించే ప్రోగ్రామ్) మీద జెడ్‌ఓఎస్‌కి పూర్వీకుడైన పాత ఎంవీఎస్ 3.8 నడుస్తుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. అందులో ఎస్‌ఎంపీఈ పాత రూపమైన ఎస్‌ఎంపీ ఉంది. రిసీవ్, అప్లై, యాక్సెప్ట్ అన్న క్రమం అక్కడే చేతికి అలవాటవుతుంది. చిన్న యూజర్‌మాడ్ రాసి వేయండి, రిస్టోర్‌తో తీసేయండి, కావాలని ఐపీఎల్ కాకుండా పాడుచేసి కాపీ నుంచి లేపండి. ఉద్యోగంలో ఎవరూ మిమ్మల్ని ఇలా చేయనివ్వరు! నేటి జెడ్‌ఓఎస్ అనుభవానికి ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ అనే ఆన్‌లైన్ శిక్షణ ఉచితమే. అక్కడ మీరు యూజరే తప్ప సిస్టమ్ మీ చేతిలో ఉండదు, కానీ జేసీఎల్ (జాబ్ ఎలా నడవాలో రాసే భాష) వస్తుంది. కొత్త వెర్షన్ ఏది చదవాలని కంగారు వద్దు. మా బరంపురం ఠాకురాణి యాత్రలాగే జెడ్‌ఓఎస్ కూడా రెండేళ్లకోసారి వస్తుంది, 2021లో 2.5, 2023లో 3.1, 2025లో 3.2. మీరు ఉద్యోగంలో చేరేసరికి మీ కంపెనీ ఇంకా వెనకటి వెర్షన్ మీదే ఉంటుంది.