మీరడిగారు, చెప్తున్నాం: రింగులు తక్కువ కట్టారన్నందుకు నా ఉద్యోగానికే ఎసరు పెట్టారు

ప్రశ్న: సార్, నేను ఒక కాంట్రాక్ట్ కంపెనీలో క్వాలిటీ ఇంజినీర్‌ని. మా సైట్‌లో కాలమ్ రింగులు (నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనుప కడ్డీ చట్రాలు) డ్రాయింగ్‌లో 100 మిల్లీమీటర్లకి ఒకటి అని ఉంటే 200కి ఒకటి కట్టారు, మేస్త్రిని అడిగితే నవ్వేసి పైన అడగండి సార్ అన్నాడు, పైన అడిగితే ప్రాజెక్ట్ మేనేజర్ గారు "రేపటికి కాంక్రీట్ బుక్ అయిపోయింది, ఇప్పుడు ఆపితే బిల్లు ఆగిపోద్ది, నువ్వు చూడలేదనుకో" అన్నారు. నేను సంతకం పెట్టలేదు, అయినా వేసేశారు. అప్పట్నుంచి నన్ను సైట్ వాట్సాప్ గ్రూప్‌లోంచి తీసేశారు, స్టోర్‌లో సిమెంట్ బస్తాలు లెక్కపెట్టే పనికి పంపారు, మొన్న "పని మీద శ్రద్ధ లేదు" అని మెమో కూడా ఇచ్చారు. ఇంట్లోవాళ్లేమో నీకెందుకురా ఊరికే ఉండొచ్చుగా అంటున్నారు. నేను చేసింది తప్పా? ఇప్పుడేం చెయ్యాలి? (పేరు వద్దు)

జవాబు: తప్పేం కాదు బాబూ, అది ముందు మనసులోంచి తీసెయ్యండి. రింగులంటే ఏదో నిలువు రాడ్లు పడిపోకుండా కట్టే తీగలు అనుకుంటారు చాలామంది, సైట్‌లో ఏళ్ల తరబడి చేసినవాళ్లు కూడా. బరువు పడినప్పుడు ఆ రాడ్లు బయటికి ఉబ్బకుండా పట్టుకునేది రింగే, లోపలి కాంక్రీట్ పగిలి రాలిపోకుండా బిగించి ఉంచేదీ అదే, భూకంపంలో బిల్డింగ్ ఊగితే బీమూ కాలమూ కలిసే చోట గట్టి దెబ్బ పడుతుంది కాబట్టే అక్కడ రింగులు దగ్గర దగ్గరగా ఇస్తారు. దూరం రెట్టింపు చేశారంటే రింగులు సగమే పడ్డట్టు, కాలమ్ అడ్డంగా తెగిపోకుండా ఆపడంలో రింగుల వాటా కూడా సగానికి పడిపోయినట్టే. దీంతో వచ్చిన చిక్కేంటంటే మామూలు రోజుల్లో ఇది బయటపడదు, బిల్డింగ్ బాగానే నిలబడి ఉంటుంది, మీ మేనేజర్ చూశావా ఏం కాలేదుగా అంటూనే ఉంటారు.

ఇప్పుడు మీ ముందు రెండు గొడవలున్నాయి, ఒకటి ఆ కాలమ్‌ది, రెండోది మీ ఉద్యోగానిది. దయచేసి ఈ రెండూ ఒకే కాగితంలో కలపకండి. మాకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువమంది అదే చేస్తారు, మొదటి పేరాలో రింగులు, రెండో పేరాలో మేనేజర్ ఎంత దుర్మార్గుడో, మూడో పేరాలో ఎవరు ఎంత తిన్నారో. చదివేవాడు మూడో పేరా పట్టుకుంటాడు, ఓహో ఇదేదో పాత కక్షలే అని ఫైలు పక్కన పెట్టేస్తాడు, రింగుల సంగతి గాలికి పోతుంది.

మొదటి కాగితంలో కాలమ్ తప్ప ఇంకేం ఉండకూడదు. ఏ ఫ్లోర్, ఏ గ్రిడ్, కాలమ్ నంబరెంత, డ్రాయింగ్ నంబరూ రివిజనూ ఏంటి, అందులో దూరం ఎంతుంది, టేపు పెట్టి కొలిస్తే ఎంతొచ్చింది, కాంక్రీట్ ఏ రోజు వేశారు, తనిఖీ ఫారంలో మీ సంతకం లేదు. అంతే. చివర్లో ఒక్క విషయం అడగండి, కవర్ మీటర్‌తో స్కాన్ చేయించమని. కాంక్రీట్ వేసేశారు కదా ఇంక రుజువెక్కడిది అని మీరు దిగులు పడుతున్నట్టున్నారు, అక్కర్లేదు, పగలగొట్టకుండానే లోపల రాడ్లు ఎక్కడున్నాయో ఎంత దూరంలో ఉన్నాయో చూపించే పరికరాలున్నాయి, కవర్ మీటర్ ఉంది, రాడార్ స్కాన్ ఉంది. నిజంగానే తక్కువున్నాయని తేలితే డిజైనర్ మళ్లీ లెక్క వేసి, అవసరమైతే కాలమ్ చుట్టూ జాకెటింగ్, అంటే కొత్త రాడ్లూ కాంక్రీటూ వేసి తొడుగులా బలపరచడం, చేయిస్తారు. ఎంత తొందరగా చెప్తే అంత మేలు, పైన ఇంకో రెండు ఫ్లోర్లు లేచాక అదే పని ఖర్చూ కష్టమూ చాలా పెరిగిపోతాయి.

ఎవరికి పంపాలి? మీ పైవాళ్లకి మెయిల్, కాపీ కంపెనీ క్వాలిటీ హెడ్‌కి. రెండు మూడు రోజుల్లో కదలిక లేకపోతే స్ట్రక్చరల్ డిజైన్ చేసినవాళ్లకి, ఓనర్ తరఫు కన్సల్టెంట్‌కి. నన్నడిగితే ఆ స్ట్రక్చరల్ ఇంజినీర్ చాలా ముఖ్యం, ఆ బిల్డింగ్ మీద ఆయన పేరుంది సంతకముంది, రేపేదన్నా అయితే ముందు ఆయన్నే పిలుస్తారు, కాబట్టి ఆయన మాత్రం చూసీ చూడనట్టు ఊరుకోలేడు. అక్కడా పని జరక్కపోతే పర్మిషన్ ఇచ్చిన అధికారులకి. పేపరూ టీవీ అన్నిటికంటే చివర, అదీ వేరే దారి లేకపోతేనే.

అయితే ఈ వరస అంతా టైమున్నప్పుడే. పగుళ్లు కనిపిస్తున్నాయి, లోపల జనం ఉన్నారు అంటే మెయిల్ రాసుకుంటూ కూర్చోకూడదు, ముందు జనాన్ని బయటికి పంపించాలి, అదే నిమిషంలో అధికారులకి ఫోన్ చెయ్యాలి. బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా సంగతి గుర్తుందిగా, ముందు రోజే పగుళ్లొచ్చాయి, ఒక ఇంజినీర్ వచ్చి చూసి ఇది సేఫ్ కాదని చెప్పాడు, కింద బ్యాంకూ షాపులూ మూసేశారు, పైన బట్టలు కుట్టే ఫ్యాక్టరీల వాళ్లని మాత్రం పనికి రాకపోతే జీతం కట్ అని బెదిరించి మర్నాడు లోపలికి పంపారు. 2013 ఏప్రిల్ 24 పొద్దున్నే కూలింది, 1,100 మందికి పైగా పోయారు.

కాగితం ఎందుకంత ముఖ్యమో ఇంకో సంగతి చెప్తా. హాంకాంగ్‌లో హంగ్ హోమ్ అనే మెట్రో స్టేషన్ పనిలో రాడ్లని కలిపే కప్లర్లలోకి మర పూర్తిగా ఎక్కించకుండా రాడ్ చివర కోసేసి, ఎక్కినట్టు కనపడేలా పెట్టారని 2018లో గొడవ పెద్దదైంది, ఆ మాట బయటపెట్టింది అక్కడ పనిచేసిన సబ్ కాంట్రాక్టరే. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది, కాంక్రీట్ తొలిచి మరీ లోపల చూడాల్సొచ్చింది, ఆ ప్రాజెక్టులోనే ఇంకొన్ని చోట్ల తనిఖీ ఫారాలు అసలు లేనే లేవని తేలింది. చూశారా, మీరు సంతకం పెట్టకపోవడం చిన్న విషయం కాదు, ఆ ఖాళీ గడే రేపు మాట్లాడుతుంది.

ఇక మీ ఉద్యోగం గొడవ. దీనికి వేరే నోట్‌బుక్ పెట్టండి. గ్రూప్‌లోంచి ఎప్పుడు తీశారు, స్టోర్‌కి మార్చింది నోటిమాటా కాగితమా, ఎవరన్నారు, పక్కన ఎవరున్నారు, అదే రోజు రాసుకోండి. నోటితో ఏదన్నా చెప్తే సాయంత్రం మర్యాదగా ఒక మెయిల్ కొట్టండి, "సార్, ఈరోజు మీరు చెప్పిన ప్రకారం రేపట్నుంచి స్టోర్‌లో రిపోర్ట్ చేస్తున్నాను" అని. జవాబు రాకపోయినా ఆ మెయిల్ ఉంటుంది. మెమోకి జవాబు ఇవ్వకుండా వదిలెయ్యొద్దు, మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు రాసేసుకుంటారు, ఏ రోజు ఏ పనిలో శ్రద్ధ లేదో వివరాలు ఇవ్వమని అడగండి, అంతకుముందు మీ పని బాగుందని వాళ్లే ఇచ్చిన అప్రైజల్ ఉంటే జత చెయ్యండి. తేదీలు పక్కపక్కన పెడితే చాలు, లోపం చెప్పిన తేదీ, దాని వెనకాలే మెమో తేదీ, లాయరుకైనా లేబర్ ఆఫీసులోనైనా ముందు చూసేది అదే. రోజూ టైముకి వెళ్లండి, బస్తాలు కూడా సరిగ్గా లెక్కపెట్టండి, వాళ్లకి కావాల్సిన సాకు మీ చేత్తో మీరే ఇవ్వకండి. అలాగే కోపంలో సర్వర్‌లో ఉన్న డ్రాయింగులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోవద్దు, దొంగతనం కేసు పెట్టి అసలు విషయం పక్కకి తోసేస్తారు. మీరు పంపిన మెయిళ్లు, మీకిచ్చిన మెమోలు, ఆ ఒక్క కాలమ్‌కి సంబంధించినవి చాలు. రిజైన్ మాత్రం ఆవేశంలో చెయ్యొద్దు, వేరే ఉద్యోగం చూసుకోవడంలో తప్పు లేదు గానీ ముందు ఫిర్యాదు నంబర్ పడనివ్వండి.

భయం లేదని నేననను. సత్యేంద్ర దూబే అని జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీర్, స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో జరిగే అక్రమాల మీద 2002లో ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు, నా పేరు బయటపెట్టకండి అని కూడా అడిగాడు, ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో కాల్చి చంపారు. దర్యాప్తులో దోపిడీ కోసం చేసిన హత్య అని తేల్చారు, ముగ్గురికి శిక్ష కూడా పడింది, అయినా పేరు ఎందుకు బయటికొచ్చింది అన్న ప్రశ్న మాత్రం పోలేదు. ఆ గొడవ వల్లే 2004లో ఫిర్యాదుదారు పేరు గోప్యంగా ఉంచే బాధ్యత కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి అప్పగించారు. అందుకే బయటి అధికారులకి వెళ్లేటప్పుడు పేరు గోప్యంగా ఉంచే పద్ధతి ఏదుందో ముందు కనుక్కోండి, లాయర్‌ని ఒకసారి కలవండి, నమ్మకమైన ఇద్దరి దగ్గర కాపీలు పెట్టండి. బెదిరింపు ఫోన్లు వస్తే అది ఆఫీసు గొడవ కాదు, పోలీసులకి చెప్పాల్సిన విషయం.

ప్రశ్న: 28 రోజుల క్యూబ్ (కాంక్రీట్ బలం చూడ్డానికి దిమ్మెలా పోసి, 28 రోజులకి పగలగొట్టి చేసే పరీక్ష) ఫెయిలైంది, రిపోర్ట్‌లో నంబర్ మార్చి సంతకం పెట్టమంటున్నారు. అందరూ పెట్టేదే అంటున్నారు. (ఒక ల్యాబ్ టెక్నీషియన్)

జవాబు: పెట్టకండమ్మా. రేపు ఏదన్నా జరిగితే ఆ "అందరూ" ఎవరూ ఉండరు, కాగితం మీద మీ ఒక్కరి పేరే ఉంటుంది. అయినా క్యూబ్ ఫెయిలైతే బిల్డింగ్ కొట్టెయ్యాలని ఎవరన్నారు, క్యూబ్ సరిగ్గా తయారు చెయ్యకపోయి ఉండొచ్చు, నీళ్లలో పెట్టకుండా వదిలేసి ఉండొచ్చు. వేసిన కాంక్రీట్‌లోంచే కోర్, అంటే గుండ్రంగా తొలిచిన ముక్క, తీసి టెస్ట్ చెయ్యమనండి, మూడు కోర్ల సగటు కావాల్సిన బలంలో 85 శాతం ఉండి ఏ ఒక్కటీ 75 కంటే తగ్గకపోతే సరే అని కోడ్‌లే చెప్తున్నాయి. అంటే నిజాయితీగా బయటపడే దారి ఉంది, అది వదిలేసి నంబర్ మార్చమంటున్నారంటే కోర్ తీసినా ఏమొస్తుందో వాళ్లకి తెలుసన్నమాట.

ప్రశ్న: నేను రాడ్ బెండర్‌ని, రాయడం రాదు. రెడీమిక్స్ లారీ రాగానే పైపు పెట్టి నీళ్లు కలిపేస్తున్నారు, చెప్తే రేపట్నుంచి రావద్దంటారు.

జవాబు: మీరు చూసింది కరెక్టే అన్నా. లెక్కకి మించి కలిపిన నీళ్లు తర్వాత ఆరిపోయి ఆ చోటంతా సన్న సన్న రంధ్రాలుగా మిగుల్తుంది, బలం తగ్గుతుంది, తడి లోపలికి దిగి మీరు కట్టిన రాడ్డే తుప్పు పడుతుంది. రాయడం రాకపోతే ఏం, వాయిస్ మెసేజ్ చాలు, రోజు, లారీ నంబరు, ఏ శ్లాబ్ అని నోటితో చెప్పండి. వీలైతే పైపూ లారీ నంబరూ ఒకే ఫోటోలో పడేలా తియ్యండి, ఫోన్ కోసం మీరు దెబ్బలు తినేంత పని మాత్రం పెట్టుకోవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో తీసిన టైము వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి, ఒరిజినల్ ఫోన్‌లో డిలీట్ చెయ్యకూడదు. ఇదంతా ఒక్కరే మొయ్యకుండా యూనియన్ ఉంటే వాళ్ల ద్వారా పంపండి, లేకపోతే మీ గ్యాంగ్‌లో నలుగురు కలిసి చెప్పండి, శ్లాబ్ సగంలో ఉండగా గ్యాంగ్ మొత్తాన్ని రావద్దనడం ఏ కాంట్రాక్టర్‌కీ అంత తేలిక కాదు.