ప్యాన్‌యార్డులో ఉన్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

ట్రినిడాడ్‌లో ప్యాన్ అనే ఉక్కు వాద్యం నేర్చుకోవడం గురించి నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి అందింది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఇంకా 9 రోజులు ఉంటానన్నావు కదా, అందుకే నువ్వు ఇంటికొచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను. దీంట్లో సగం దిద్దుబాటు ఆ ప్యాన్‌యార్డులో కూర్చునే చెయ్యాలి. ఇక్కడికొచ్చాక చేద్దామంటే కుదరదు.

ముందు పేరు సంగతి. మొదటి వాక్యం నుంచి చివరిదాకా 'స్టీల్ డ్రమ్స్' అన్నావు. అది బయటినుంచి వచ్చినవాళ్ళ మాట. ట్రినిడాడ్‌లో వాయించేవాళ్ళు ప్యాన్ అంటారు. సాధన చేసే చోటు ప్యాన్‌యార్డు, బృందం స్టీల్‌బ్యాండ్. తెలుగులో 'పాన్' అని రాస్తే పాఠకుడు కిళ్ళీకొట్టుకి వెళ్ళిపోతాడు, కాబట్టి 'ప్యాన్' అనే రాయి. ఒకచోట 'ఉక్కు డోలు' అన్నావు చూడు, అది మాత్రం దయచేసి కొట్టెయ్. డోలుకి చర్మం ఉంటుంది. దీనికి రేకే సర్వస్వం, ఆ రేకు మీదే స్వరాలన్నీ ఉంటాయి.

అయినా డ్రమ్ము అన్న మాటను పూర్తిగా పారెయ్యకు, దాని చోటు వేరే ఉంది. మన పాఠకుడికి డ్రమ్ము బాగా తెలుసు. రోడ్డు వేసేచోట తారు డ్రమ్ము, పెళ్ళింటి పెరట్లో నీళ్ళ డ్రమ్ము. ప్యాన్ పుట్టింది అచ్చం అలాంటి 55 గ్యాలన్ల పీపాలోంచే, అంటే సుమారు 208 లీటర్లది. దాని అడుగుభాగాన్ని సుత్తితో కొట్టి కొట్టి మూకుడులా లోపలికి దించుతారు, రాగం పలికించే టెనర్ ప్యాన్‌కైతే దాదాపు 8 అంగుళాల లోతు. తర్వాత స్వరాల గళ్ళు గీసి, వాటి అంచుల వెంట పోగరతో గాడి కొడతారు. మంట మీద కాల్చి చల్లార్చాక చిన్న సుత్తితో ఒక్కో గడినీ శ్రుతి చేస్తారు. చుట్టూ మిగిలిన గోడని స్కర్ట్ అంటారు. టెనర్‌కి అది జానెడు కూడా ఉండదు, మంద్ర స్వరాల బాస్‌కి డ్రమ్ము దాదాపు మొత్తంగా ఉంచేస్తారు. 'మెరిసే గిన్నె' అని నువ్వు రెండు మాటల్లో దాటేసిన చోట ఇదంతా రావాలి. తారు డ్రమ్ము కళ్ళముందు కదిలాక ఆ మెరుపు గురించి నువ్వు చెప్పక్కర్లేదు.

ఇక అసలు చోటు. 'గంటలో పాట పట్టేశాను' అని రాశావు. పట్టేశావేమో, నేను కాదనను. కానీ ఆ గంటలో నీ చేతులు ఏం చేశాయో ఒక్క ముక్క లేదు. స్వరాలు ఎక్కడెక్కడున్నాయో కూడా చెప్పలేదు. హార్మోనియం మెట్లలా స, రి, గ వరసగా పక్కపక్కన ఉంటాయనే అనుకుంటాడు పాఠకుడు. అలా ఉండవు. నీకు చిన్నప్పుడు సంగీతం చెప్పించారు కాబట్టి ఇది నీకంటే బాగా ఎవరూ చెప్పలేరు, ఆ అవకాశం వదిలేశావు.

పాశ్చాత్య సంగీతంలోని సి స్వరాన్ని స అనుకో. టెనర్‌లో అది వాయించేవాళ్ళ పొట్టకి దగ్గరగా, బయటి వలయంలో ఉంటుంది. దానికి ఒక పక్క మ, ఇంకో పక్క ప. ప దాటితే రి, తర్వాత ద, తర్వాత గ, ఆ తర్వాత ని. మ స ప రి ద గ ని: శంకరాభరణం ఏడు స్వరాలూ ఆ వలయంలో ఒకే ముక్కగా, సగానికి కాస్త ఎక్కువ మేర పరుచుకుని ఉంటాయి. మిగిలిన అయిదూ అవతలి పక్క. స కి సరిగ్గా ఎదురుగా ప్రతిమధ్యమం. బయటి వలయంలో 12, మధ్య వలయంలో అవే 12 పై స్థాయిలో, నడిమధ్యలో ఇంకా పైవి 4 గానీ 5 గానీ. బయటి స్వరం అరచేతి వెడల్పుంటే, నడిమధ్యవి కోడిగుడ్డంత ఉంటాయి.

ఈ అమరిక ఎందుకో కూడా చెప్పు. గళ్ళు వేరైనా రేకు ఒక్కటే. ఒక స్వరం కొడితే పక్కవి కూడా కాస్త అదురుతాయి. పక్కన ఉన్నది పొత్తు కుదిరే స్వరమైతే ఆ అదురు నాదానికి బలమవుతుంది, పొత్తు లేనిదైతే గోల. అందుకే స కి అటూ ఇటూ మ, ప. ఇలా పంచమాల వరసలో పేర్చడానికి దారి చూపినవాడు ట్రినిడాడ్ ప్యాన్ కళాకారుడు ఆంథొనీ విలియమ్స్. సాలెగూడులా ఉంటుందని దానికి స్పైడర్ వెబ్ అనే పేరు వచ్చింది. నువ్వు ప్యాన్‌ని జలతరంగంతో పోల్చావు. పై స్వరాల తేటదనం వరకూ ఆ పోలిక నిలుస్తుంది. అయితే జలతరంగంలో ఒక్కో స్వరానికి ఒక్కో గిన్నె, ఇక్కడ అన్నీ ఒకే గిన్నెలో ఒకదాన్నొకటి తగులుతూ ఉంటాయి. ఆ తేడా దాకా తీసుకెళ్ళి ఆపితే పోలిక పనికొస్తుంది.

ఇక తప్పులు. నీ వ్యాసంలో ఒక్క తప్పూ లేదు, నాకు నమ్మకం పోయింది అక్కడే. కొత్తగా పట్టుకున్నవాళ్ళెవరైనా ఈ తప్పులు చేసే తీరతారు. ప్యాన్‌ని రెండు కొక్కేల నుంచి తాళ్ళతో స్టాండుకి వేలాడదీస్తారు. బలంగా కొడితే అది ఊయలలా ఊగుతుంది, తర్వాతి దెబ్బ గురి తప్పుతుంది. గురి తప్పి గాడి మీద పడితే నాదం ఉండదు, 'టప్' మని చచ్చిన చప్పుడు. గడి మధ్యలో పడినా కర్రని అక్కడే ఆనించి ఉంచితే పుట్టిన నాదం పుట్టినచోటే చస్తుంది. వేడి పెనం మీద వేలు పెట్టి తీసినట్టు వెంటనే లేవాలి. మరీ గట్టిగా కొడితే రేకు గీపెడుతుంది. రోజూ అలా కొడితే శ్రుతి జారుతుంది, మళ్ళీ ట్యూనర్‌ని పిలవాల్సిందే. ప్యాన్ మరీ కిందికి ఉంటే అవతలి స్వరాల కోసం నడుం వంగుతుంది, పావుగంటకే వీపు పట్టేస్తుంది. అంచు నడుం ఎత్తున ఉందో లేదో రేపు వెళ్ళగానే చూసుకో.

కర్రలు జానెడు కంటే పొట్టివి, చివర రబ్బరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా పట్టుకుని మణికట్టుతో కొట్టాలి, మోచేయి కదలకూడదు. రబ్బరు అరిగితే కర్ర రేకుకి తగిలి కీచుమంటుంది. చాలామంది కొత్తవాళ్ళు ఆ కీచుతనం తమ చేతిదనుకుని కుంగిపోతారు. ముందు రబ్బరు చూసుకో.

రోల్ గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు నువ్వు. అదే పెద్ద లోటు. ప్యాన్‌కి గమకం లేదు, స్వరాన్ని సాగదీసే దారి లేదు. కొట్టాక నాదం దానంతటది పల్చబడిపోతుంది. కాబట్టి పొడుగు స్వరం కావాలంటే ఒకే గడి మీద కుడి, ఎడమ, కుడి, ఎడమ గబగబా కొడుతూ నిలబెట్టాలి. విడివిడి దెబ్బలు వినపడకుండా ఒక్క ధారగా వినపడితే అది రోల్. కుడిచెయ్యి బరువై ఎడమచెయ్యి తేలికైతే కుంటుతున్నట్టుంటుంది. విరుగుడు వేగం తగ్గించడమే. రెండు చేతులూ సమానంగా ఎంత నెమ్మదిలో పడతాయో అక్కడ మొదలుపెట్టి, పట్టు బిగించకుండా పెంచుకుంటూ పోవాలి. పిడికిలి బిగిసిన క్షణమే ధార తెగిపోతుంది. పక్కవాళ్ళ భుజాలు చూడు, వదులుగా ఉంటాయి.

నీ చిత్తుప్రతిలో 'సంగీతం నా నరనరాల్లో పారింది' అనే రకం వాక్యాలు మూడు కనపడ్డాయి, మూడూ తీసెయ్. వాటి బదులు, 'రి కొట్టాల్సిన ఎడమచెయ్యి ఇంకా స దగ్గరే నిలబడి చూస్తోంది' అని రాస్తే చాలు. స, రి పక్కపక్కన లేవని, మధ్యలో ప ని దాటాలని పాఠకుడికి అప్పటికే తెలుసు కాబట్టి నవ్వుతాడు.

నేర్పేవాళ్ళ గురించి. ఆ పిల్లలు నీకు కాగితం ఇవ్వలేదని, 'పద్ధతి లేకుండా' నేర్పారని రాశావు. తప్పు. స్టీల్‌బ్యాండ్‌లో చాలావరకు నేర్పు నోటితోనూ చేతితోనూ సాగుతుంది, అదే పద్ధతి. ఒకరు చిన్న ముక్క వాయించి చూపిస్తారు, నువ్వు తిరిగి వాయిస్తావు, కుదిరాక దాని తోక పట్టుకుని తర్వాతి ముక్క అతికిస్తారు. పనోరమా అనే స్టీల్‌బ్యాండ్‌ల పోటీలో పెద్ద బృందంలో వంద మందికి పైగా ఉంటారు. ఎనిమిది నిమిషాల సంక్లిష్టమైన రచనను అంతమందీ ముందు కాగితం లేకుండా వాయిస్తారు. మన గురువులు వర్ణం చెప్పే తీరు గుర్తు చేసుకుంటే నీకు వింతగా ఉండకూడదు. ఒక మెళకువ చెబుతాను: నేర్పే పిల్లకి ఎదురుగా నిలబడకు, అద్దంలోలా అంతా తిరగబడి కనపడుతుంది. పక్కన, భుజానికి భుజం ఆనేలా నిలబడు.

టెనర్ దగ్గరే ఉండిపోకు. రాగం అక్కడే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళందరూ అక్కడే ఉంటారు. రెండు రోజులు డబుల్ సెకండ్ దగ్గర స్ట్రమ్ నేర్చుకో. రెండు ప్యాన్‌ల మీద రెండేసి స్వరాల జోడింపును తాళం సందుల్లో వేస్తూ పోవడం. చూడ్డానికి ఏమీ ఉండదు, పది నిమిషాలు సమంగా వెయ్యడానికి ప్రాణం పోతుంది. సిక్స్ బాస్ దగ్గర ఒక గంట నిలబడు. ఆరు డ్రమ్ములు, ఒక్కోదానికి మూడు చొప్పున 18 స్వరాలు, వాయించేవాళ్ళు మధ్యలో నిలబడి తిరుగుతూ ఉండాలి. అక్కడి కర్రలకి స్పాంజి బంతులుంటాయి. ఇంజిన్ రూమ్ అనే లయ విభాగంలో కారు బ్రేక్ డ్రమ్ముని ఇనప కడ్డీలతో వాయించేవాళ్ళుంటారు, దాన్ని ఐరన్ అంటారు. నీ వ్యాసంలో ఒక పాత్ర దొరికేది అక్కడేనని నా అనుమానం.

'వందమంది హోరు, కార్నివాల్ ఉన్మాదం' అని రాశావు. ఇది ఆగస్టు. కార్నివాల్ ఫిబ్రవరిలోనో మార్చిలోనో పడే క్రైస్తవుల యాష్ వెన్స్‌డే ముందు సోమ, మంగళవారాల్లో వస్తుంది. పనోరమా సాధన కొత్త సంవత్సరం నుంచి రాత్రిళ్ళు సాగుతుంది. నువ్వే ఇంకోచోట యార్డులో పదకొండు మంది ఉన్నారని, వాన వస్తే ప్యాన్‌లన్నీ రేకుల షెడ్డు కిందికి లాగామని రాశావు. ఆ వాన బాగుంది. తడిస్తే తుప్పు, ఎండలో కాగితే శ్రుతి మారుతుంది, అందుకే నీడ కోసం అంత పాట్లు. నువ్వు చూసిన పదకొండు మందినే రాయి, చూడని వందమందిని వదిలెయ్.

చరిత్ర మొత్తం ఒక పేరాలో కుక్కావు, ఊపిరాడటం లేదు. మూడు నాలుగు ముక్కలు ఎంచుకో. 1880లలో బ్రిటిష్ ప్రభుత్వం చర్మపు డప్పుల మీద ఆంక్షలు పెట్టింది, అప్పుడు జనం వెదురు బొంగుల్ని నేలకేసి కొట్టి లయ నిలుపుకున్నారు, దాన్ని టాంబూ బాంబూ అంటారు. 1930లలో బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు వచ్చాయి. తర్వాత పెద్ద పీపాలు. 1951లో టాస్పో అనే బృందం లండన్ వెళ్ళి ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో వాయించింది. ఒకప్పుడు ప్యాన్‌యార్డంటే రౌడీల అడ్డా అని ఇళ్ళల్లో ఆడపిల్లల్ని అటు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. ఈ మాట నీకు నేర్పుతున్న ఆ స్కూలు అమ్మాయి పక్కన పెట్టు. 1992లో అది జాతీయ వాద్యమైంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్‌ప్యాన్ దినంగా ప్రకటించింది. నువ్వు అక్కడున్న రోజుల్లోనే వస్తోంది కాబట్టి ఆ తేదీ వ్యాసంలో సహజంగా ఇముడుతుంది.

మద్రాసు రేవు నుంచి కూడా కొన్ని కూలీల ఓడలు ట్రినిడాడ్ వెళ్ళాయి కనక 'ఈ నాదంలో మన తెలుగువాళ్ళ చెమట ఉంది' అని ఒక పేరా రాశావు. ఓడలు నిజం, ఆ చెమట నీ ఊహ. భారతీయ మూలాలున్నవాళ్ళు ప్యాన్‌కి ఏం చేశారో చెప్పాలనుకుంటే జిత్ సమరూ ఉన్నాడు, రెనగేడ్స్ బృందానికి సంగీతం అమర్చి 9 సార్లు పనోరమా గెలిపించినవాడు. ఆయన గురించి రెండు వాక్యాలు రాయి, చెమట పేరా తీసెయ్. పొద్దున్నే తినే డబుల్స్ అనే చిరుతిండిలో 'బారా' మన వడకి చుట్టమన్న ముక్క మాత్రం ఉంచు, అది సరదాగా ఉంది.

పిల్లల పేర్లు, ఫోటోలు వాళ్ళనీ పెద్దవాళ్ళనీ అడగకుండా వెయ్యకు. వాళ్ళ ఇంగ్లీషుని మన పల్లె యాసలోకి దించకు, వెక్కిరింపులా ఉంది. ఒకరి ప్యాన్‌ని అడక్కుండా ముట్టుకోకు, దాంట్లో ఫోనూ తాళాలూ పెట్టకు. నోట్‌బుక్ యార్డులో తియ్యకు. కర్రలు పట్టుకున్న చేతులతో రాయలేవు ఎలాగూ. బస ఇంటికెళ్ళాక అదే రాత్రి, ఏ స్వరం దగ్గర ఎన్నిసార్లు తప్పావో ముందు రాసుకో, మిగతావి తర్వాత.

వచ్చేముందు ఒక జత టెనర్ కర్రలు కొనుక్కుని పెద్ద పెట్టెలో సర్దెయ్, చేతిసంచిలో వద్దు. ఇంట్లో ప్యాన్ ఉండదు కనక 22 అంగుళాల గుండ్రటి అట్ట కోసి, మూడు వలయాలు గీసి, మ స ప రి ద గ ని వరసలో స్వరాలు రాసి పెట్టుకో. దాని మీద చేతులు ఆడించి చూసుకుంటూ రెండో ప్రతి రాయి. అట్ట గీసేటప్పుడు ఏ గడి ఎక్కడో గుర్తు రాకపోతే, విమానం ఎక్కకముందే ఆ అమ్మాయిని అడిగి రాసుకో. స కి ఏ పక్క ప, ఏ పక్క మ అన్నది నీ చిత్తుప్రతిలో రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది.