బ్యాంకాక్ వెళ్లే మేనల్లుడికి

అంబాజీపేట

చిరంజీవి శ్రీనివాస్‌కు మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్యాకేజీ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివాను. బ్యాంకాక్, పట్టాయా, సింగపూర్, అక్కయ్యకూ బావగారికీ నీకూ కలిపి ఇంత. ధర చూసి నువ్వు మురిసిపోయినట్టున్నావు. నాకు మాత్రం అనుమానం కలిగింది. విమానం టికెట్టు, హోటలు గది, బస్సు విడివిడిగా లెక్కవేసి చూశాను. ఆ డబ్బుకు ఆ పర్యటన గిట్టదు. గిట్టని బేరం ఎవడైనా ఎందుకు చేస్తాడు?

కొబ్బరి మార్కెట్లో దళారీగా బతికినవాణ్ణి కాబట్టి నా బుర్ర ముందు అటే పోతుంది. వెయ్యి కాయలకు నా కమిషన్ ఎంతో కాయ తెచ్చిన రైతుకూ తెలుసు, కొనే వ్యాపారికీ తెలుసు. టూరిస్టులు తిరిగే ఊళ్లలో నడిచేది కూడా కమిషనే. కాకపోతే అది ఎవరి జేబులోంచి వస్తోందో అక్కడ టూరిస్టుకు ఒక్కడికే తెలియదు. నీకు చౌకగానో ఉచితంగానో ఎవడైనా ఏదైనా చేసిపెడుతుంటే, వాడికి డబ్బు ఎవరిస్తున్నారో ఆలోచించు. ఈ ఉత్తరంలో నేను రాసేదంతా ఆ ఒక్క ప్రశ్న నుంచి వచ్చిందే.

నీ కాగితంలో మూడో రోజు ఉదయం 'జెమ్స్ గ్యాలరీ సందర్శన' అని ఉంది. పేరు చూసి మ్యూజియం అనుకోకు, అది నగల దుకాణం. బస్సును అక్కడ ఆపినందుకు, లోపల మనవాళ్లు కొన్న ప్రతి ఉంగరానికీ పర్యటన నడిపేవాళ్లకు వాటా వస్తుంది. తర్వాత తోలు సంచుల దుకాణం, తేనె దుకాణం కూడా ఉంటాయి. అవి కాగితంలో ఉండవు, దారిలో తగులుతాయి. తగ్గిన టికెట్టు ధరను రాబట్టుకునేది అక్కడే. బావగారు మొహమాటస్తులు. అమ్మే పిల్ల నవ్వుతూ నీళ్లసీసా చేతిలో పెడితే ఏదో ఒకటి కొనకుండా బయటికి రారు. అందుకని ఏజెంటును రెండు విషయాలు రాతపూర్వకంగా అడుగు: బస్సు ఏయే దుకాణాల దగ్గర ఎంతసేపు ఆగుతుంది, ఏయే ప్రవేశ రుసుములు ధరలో కలిసి ఉన్నాయి. రాసివ్వను అంటే వేరే ఏజెంటును చూసుకో. నన్నడిగితే విమానం, హోటలు మాత్రం కొనుక్కుని ఊళ్లు మీ అంతట మీరే తిరగడం మేలు. బ్యాంకాక్, సింగపూర్ రెండింట్లోనూ మెట్రో రైళ్లు ఉన్నాయి. ఇంగ్లిషు బోర్డులు చదవగలిగితే చాలు.

బ్యాంకాక్‌లో రాజుల కోట గ్రాండ్ ప్యాలెస్ దగ్గర జరిగేది కొంచెం వివరంగా చెప్పాలి. మిగతా వలలన్నీ దీని రూపాంతరాలే. మీరు కోటగోడ పక్కన నడుస్తుంటారు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో గుర్తింపు కార్డు, చక్కటి ఇంగ్లిషుతో ఒక పెద్దమనిషి పలకరిస్తాడు. ఇవాళ ఏదో బౌద్ధ పర్వదినం, ప్యాలెస్ మూసేశారు, మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు అంటాడు. మీరు డీలాపడేలోపే మ్యాపు తీసి నాలుగు గుళ్లు గుర్తుపెడతాడు. పక్కనే ఒక టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, సిద్ధంగా ఉంటుంది. అన్ని గుళ్లూ తిప్పి తెస్తే ఇరవై బాట్లే (బాట్ అంటే థాయిలాండ్ కరెన్సీ). ఒక గుళ్లో ఇంకొకడు తారసపడి, నగలకు పన్ను మినహాయింపు ఇవాళ్టితో ఆఖరని, ఇక్కడ కొన్న నీలాలు మీ దేశంలో రెట్టింపుకు అమ్ముడవుతాయని యథాలాపంగా అంటాడు. మొదటివాడికీ వీడికీ సంబంధం లేనట్టే కనిపిస్తుంది కాబట్టి మనకు నమ్మకం కుదురుతుంది. అప్పటికి టుక్‌టుక్ నగల దుకాణం ముందు ఆగి ఉంటుంది. నగలు కాకపోతే సూట్లు కుట్టే దుకాణం. ఇరవై బాట్లకు ఇంధనం ఖర్చు కూడా రాదు. మిమ్మల్ని గుమ్మం దాకా తెచ్చినందుకు డ్రైవరుకు దుకాణం వాడు ఇంధనం కూపన్లు గానీ డబ్బు గానీ ఇస్తాడు. మీరు ఏమీ కొనకపోయినా, లోపల పది నిమిషాలు కూర్చున్నందుకే అది ముడుతుంది.

ప్యాలెస్ మామూలుగా రోజూ ఉదయం 8:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3:30కి లోపలికి పంపడం ఆపేస్తారు. విదేశీయులకు టికెట్టు 500 బాట్లు. రాచకుటుంబ కార్యక్రమాల వల్ల నిజంగా మూసే రోజులు కొన్ని ఉంటాయి. అవి ప్యాలెస్ వెబ్‌సైటులో ముందే తెలుస్తాయి. దారిలో ఎవరు ఏం చెప్పినా గేటు దాకా నడవండి. మూసిన గేటును కళ్లతో చూశాకే వెనక్కి తిరగండి. మెట్రో బ్లూ లైనులో సనామ్ చాయ్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లగల దూరమే. ఎండ ముదరకముందే వెళ్తే అక్కయ్య మోకాళ్లకు కూడా మంచిది. చీరకు ఇబ్బంది లేదు, బావగారి ప్యాంటుకూ లేదు. నీ నిక్కరుతోనే చిక్కు. మోకాళ్లు, భుజాలు కనిపిస్తే లోపలికి పంపరు.

లోపల పచ్చల బుద్ధుడి ఆలయం చుట్టూ వసారా గోడల మీద రామాయణం అంతా బొమ్మలుగా వేసి ఉంటుంది, 178 చిత్రాలు. థాయిలాండ్ వాళ్లు రామాకియెన్ అంటారు. అక్కయ్యకు ముందే చెప్పు, అక్కడి హనుమంతుడు బ్రహ్మచారి కాదు. రావణుడి కూతురైన ఒక మత్స్యకన్యను ప్రేమిస్తాడు. హనుమజ్జయంతికి ఉపవాసం ఉండే మనిషి, నలుగురిలో నిలబడి దెబ్బలాటకు దిగగలదు.

తర్వాత వాట్ పో గుళ్లో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూసి, నది దాటి వాట్ అరుణ్ గుడికి వెళ్తారు కదా. రేవులో మనిషికి వందల బాట్లు చెప్పి ప్రత్యేక పడవ ఎక్కిస్తామని చుట్టుముడతారు. తా తియెన్ రేవు నుంచి ఊరి జనం ఎక్కే పడవ కొద్ది బాట్లకే అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినట్టే ఎక్కి దిగడం. నది పొడవునా తిరగాలంటే నారింజ జెండా కట్టిన పడవ ఉంది, అదీ చౌకే.

కాలువలో పడవల మీద సరుకులు అమ్మే డామ్నోన్ సదువక్ తేలే సంత గురించి నువ్వు అడిగావు. బ్యాంకాక్ నుంచి వంద కిలోమీటర్ల దూరం. కారు డ్రైవరు సంత దగ్గర ఆపడు, దూరంగా ఒక ప్రైవేటు రేవులో ఆపుతాడు. ఇక్కడి నుంచి పడవ తప్ప దారి లేదంటాడు, పడవకు వేలల్లో అడుగుతారు. నిజానికి సంత దాకా రోడ్డు ఉంది, కాలువ గట్టున ఊరికే నడిచి చూడవచ్చు. అయినా కాలువ గట్ల మీద పుట్టి పెరిగినవాళ్లు కాలువ చూడటానికి అంత దూరం వెళ్లడం ఏమిటని నా అభిప్రాయం. వెళ్లాలనే ఉంటే శుక్ర, శని, ఆదివారాల్లో పక్కనే అంఫవా సంతకు వెళ్లండి. అది సముత్ సోంగ్‌ఖ్రామ్ ప్రావిన్సు. అక్కడ కొబ్బరి పూగెల నుంచి నీరా తీసి, పెద్ద బాణళ్లలో కాచి చక్కెర చేస్తారు. మన దగ్గర కాయ ధర పడిపోయినప్పుడల్లా నీరా గురించి సభలు పెట్టుకుంటాం, వాళ్లు దాన్ని డబ్బాల్లో పెట్టి అమ్ముకుంటున్నారు. నాకు ఒక డబ్బా తీసుకురా.

పట్టాయాలో జెట్‌స్కీ జోలికి పోవద్దు. తిరిగి ఇచ్చేటప్పుడు పాత గీత ఒకటి చూపించి నువ్వే గీశావని వేల బాట్లు అడగడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న తంతు. అద్దెకు ఏది తీసుకున్నా పాస్‌పోర్టు తాకట్టుగా ఇవ్వకూడదు, కాపీ ఇస్తానని చెప్పు. గొడవ పెద్దదైతే 1155కు ఫోను చెయ్యి, టూరిస్టు పోలీసులు పలుకుతారు. కోరల్ ఐలాండ్‌కు ప్యాకేజీలోని స్పీడ్‌బోటు మధ్యలో పారాసెయిలింగ్ తెప్పల దగ్గర ఆగుతుంది, మళ్లీ అదే కథ. బాలీ హై రేవు నుంచి జనం వెళ్లే ఫెర్రీ ఉంది.

విమానాశ్రయం నుంచి హోటలుకు వెళ్లేటప్పుడు లోపల 'టాక్సీ, టాక్సీ' అంటూ ఎదురొచ్చేవాళ్లను పట్టించుకోకు. బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో కింది అంతస్తులో యంత్రం దగ్గర చీటీ తీసుకుంటే ఆ నంబరు దగ్గర మీటరు టాక్సీ ఉంటుంది. మీటరు మీద విమానాశ్రయం రుసుము 50 బాట్లు, టోల్ మనమే ఇవ్వాలి. అది మోసం కాదు, వాదించకు. చీటీ మాత్రం దగ్గరే ఉంచుకో. సామాను మరిచిపోతే పనికొచ్చేది అదే.

డబ్బు విషయం. విమానాశ్రయంలో ఆ పూటకు సరిపడా మార్చుకుని మిగతాది ఊళ్లో మార్చుకో, రేటు తేడా బోర్డులోనే కనిపిస్తుంది. దుకాణంలో కార్డు గీసినప్పుడు యంత్రం 'రూపాయల్లోనా, బాట్లలోనా' అని అడుగుతుంది. రూపాయల్లో అంకె కనిపిస్తే మనకు ప్రాణం లేచివస్తుంది. ఆ సౌకర్యానికి కూడా ఒకడు కమిషన్ తీసుకుంటున్నాడు, మార్పిడి రేటులో కలిపేసి. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే నొక్కు. ఏటీఎంలో డబ్బు తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 200 బాట్లకు పైగా కోస్తుంది కాబట్టి చిన్న మొత్తాలు మాటిమాటికీ తీయకు.

ఇంతకుముందే చెప్పాల్సింది, వల అనేది ఇంట్లో కూర్చుని ఫోను నొక్కేటప్పుడే మొదలవుతుంది. థాయిలాండ్ 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు, అంటే వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం, తప్పనిసరి చేసింది. సింగపూర్‌కూ అలాంటిదే ఉంది. రెండూ ఉచితం, రెండూ చేరడానికి మూడు రోజుల లోపు నింపాలి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవాటిలో డాలర్లు వసూలు చేసే నకిలీ సైట్లు ఉంటాయి, చూడటానికి అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉంటాయి. డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదు. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్టు కొనే ముందు రాయబార కార్యాలయం సైటులో చూడు, పాత యూట్యూబ్ వీడియో చూసి నిర్ణయించుకోకు.

సామాను అక్కయ్య సర్దుతుంది కాబట్టి ఈ ముక్క ఆమెకు చదివి వినిపించు. కురిడీ కొబ్బరి పెట్టవద్దు. ఎండు కొబ్బరి అందులోని నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకోగలదని విమానాల్లోకి అనుమతించరు. అంబాజీపేట ఆడపడుచు పెట్టెలోంచి కురిడీ తీసి పక్కన పడేస్తే మన పరువు పోతుంది. గసగసాలు అసలే వద్దు, గసగసాలు కలిసిన మసాలా పొడి కూడా వద్దు. సింగపూర్‌లో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి, దుబాయిలోనూ అంతే. చూయింగ్ గమ్ కూడా సింగపూర్‌లోకి తీసుకెళ్లకూడదు. పూతరేకులు కావలసినన్ని పెట్టుకోండి. బావగారి షుగరు మందులు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఆయన షుగరు, బీపీ దాచకుండా రాయండి. దాచితే అవసరం పడిన రోజున కంపెనీ చేతులెత్తేస్తుంది.

తిండి సంగతి: శనివారం అక్కయ్య నీచు ముట్టదు. థాయిలాండ్‌లో కూరగాయల వేపుడు అన్నా అందులో చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో 'జే' అని రాసిన చోట తినవచ్చు, వాళ్లు ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు.

సింగపూర్ గురించి రాయడానికి పెద్దగా లేదు. అక్కడ వల తక్కువ, ధర ఎక్కువ. హాకర్ సెంటర్లలో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే ప్రాంగణాల్లో, చేపలు, పీతలు తూకం మీద అమ్మేచోట వండకముందే మొత్తం ఎంతో అడుగు. గార్డెన్స్ బై ద బే తోటలో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల) దీపాల ప్రదర్శన రోజూ రాత్రి 7:45కు, 8:45కు ఉంటుంది, టికెట్టు లేదు. చాంగీ విమానాశ్రయంలో 40 మీటర్ల జలపాతం కూడా ఉచితమే. ఉచితం అన్నాను కదా అని అనుమానపడకు, వీటికి డబ్బు ఇచ్చేవాళ్లు ఎవరో ఊరంతా తెలుసు.

ఇంకొక్క మాట. నీతో పాటు బ్యాంకాక్ వస్తానంటున్న నీ స్నేహితుడికి అక్కడ ఏదో డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తామని ఒక ఏజెంటు చెప్పాడట కదా, టూరిస్టు వీసా మీద వెళ్తే చాలన్నాడట. బ్యాంకాక్‌లో దిగాక ఇలాంటి కుర్రాళ్లను కారెక్కించి సరిహద్దులోని మే సోట్ ఊరి దాకా తీసుకెళ్లి, నది దాటించి మయన్మార్‌లోని మ్యావాడీ వైపు చేరుస్తారు. పాస్‌పోర్టు లాక్కుని, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. కంబోడియాలోనూ ఇదే జరిగింది, మన ఆంధ్ర కుర్రాళ్లు కూడా అందులో ఇరుక్కున్నారు. ఆ ఏజెంటు కుర్రాడి దగ్గర డబ్బు తీసుకోకుండా టికెట్టు కొనిస్తానన్నాడంటే, తలకు ఇంత అని అవతలివాడి దగ్గర ముందే బేరం కుదుర్చుకున్నాడన్నమాట. నీ స్నేహితుడు ఇంట్లో ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆదివారం వాణ్ణి తీసుకుని ఇక్కడికి రా. వాళ్ల నాన్నను కూడా రమ్మను, నేను మాట్లాడతాను.

మీ మావయ్య