ఏరియేటర్ వేయగానే పీహెచ్ మీటరు రీడింగ్ పడిపోతోంది, ఏ ఆప్-ఆంప్ కొనాలి?

మీరు అడిగింది ఇదీ. భీమవరం దగ్గర వెనామి రొయ్యల చెరువుకి సొంతంగా పీహెచ్ మీటరు కట్టారు. ఇంట్లో బల్ల మీద బాగానే పనిచేసింది. చెరువులో వేశాక, ఏరియేటర్ (నీళ్లలోకి గాలి కలిపే మోటారు) స్టార్టర్ నొక్కగానే 8.1 కాస్తా 6.9 అవుతోంది. అందులోని ఆప్-ఆంప్ (ఎలక్ట్రోడ్ సిగ్నల్‌ని అందుకునే యాంప్లిఫయర్ చిప్పు) సీఏ3140 తీసేసి ఖరీదైనది వేస్తే పోతుందా అని.

పోదండి. ఈ జబ్బుకి ఆప్-ఆంప్ మందు కాదు.

నీళ్లలో ముంచే ప్రోబ్‌లోని గాజు ఎలక్ట్రోడ్ లోపలి నిరోధం 100 మెగాఓమ్‌లు అనుకుందాం. సీఏ3140 బయాస్ కరెంటు (ఇన్‌పుట్ పిన్ను లాగే కరెంటు) మామూలుగా 10 పికోఆంపులు. రెండూ గుణిస్తే 1 మిల్లీవోల్టు. 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్‌కి 59.16 మిల్లీవోల్టులు కాబట్టి ఆ తప్పు 0.02 కూడా లేదు. అదే ఎల్ఎం358 అనే మామూలు ఆప్-ఆంప్ అయితే 45 నానోఆంపులకి 4.5 వోల్టులు వచ్చి బల్ల మీదే చేతులెత్తేసేది. మీది బల్ల మీద బాగుందంటే ఆ గండం దాటేసినట్టే.

ఇంకో సంగతి చూడండి. చెరువు పీహెచ్ తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నం ఎండలో ఎక్కువగా ఉంటుంది. నాచు కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే కొద్దీ గంటల మీద ఎక్కుతుంది, రాత్రి గంటల మీద దిగుతుంది. సెకనులో 1.2 దిగడం నీళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆ 6.9ని నమ్మి రైతు సున్నం చల్లితే, నిజానికి 8.1 ఉన్న నీళ్లు ఇంకా పైకి పోతాయి, అమ్మోనియా విషం పెరుగుతుంది. మీటరు తప్పు చూపిస్తే అసలు మీటరు లేకపోవడమే మేలు.

ముందు బకెట్ పరీక్ష చేయండి. అన్ని మోటార్లూ కట్టేసి, చెరువు నీళ్లు ప్లాస్టిక్ బకెట్‌లో ముంచి గట్టు మీద ఎండు చెక్క మీద పెట్టండి. ఎలక్ట్రోడ్ బకెట్‌లో వేయండి. ఇప్పుడు ఏరియేటర్ ఆన్ చేయించండి. 8.1 కదలదు. మళ్లీ మోటారు ఆపి, రెండు కొసలా తొక్క తీసిన రాగి తీగ ఒకటి తీసుకుని ఒక కొస బకెట్‌లో, రెండో కొస చెరువులో వేలాడదీయండి. చేతులు తీసేశాక మోటారు వేయండి. అదే ప్రోబ్, అవే నీళ్లు, అదే బోర్డు. రీడింగ్ మాత్రం నిలువునా పడిపోతుంది. తీగ పైకి లాగితే (మోటారు ఆపాకే లాగండి) మెల్లగా తిరిగి 8.1కి వస్తుంది. దోషం ప్రోబ్‌లో లేదు, ఆప్-ఆంప్‌లో లేదు, ఆ తీగలో పారిన కరెంటులో ఉంది. మామూలు రోజుల్లో చెరువంతా ఆ తీగే.

ఉప్పునీళ్లు మంచి కండక్టరు. ప్రోబ్‌లోని రిఫరెన్స్ జంక్షన్ (కొలతకి ఆధారమైన రెండో కొస) ఆ నీళ్లకి తగిలే ఉంటుంది, అంటే మీ బోర్డు గ్రౌండు (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల వైపు) చెరువుకి కట్టేసినట్టే. రెండో వైపు అదే గ్రౌండు అడాప్టర్ మీదుగా లైన్‌కి, ఎర్త్‌కి చేరుతోంది. మోటారు లీకేజీకి దారి దొరికింది. జంక్షన్ నిరోధం 10 కిలోఓమ్‌లు అయితే 71 మిల్లీవోల్టులు, అంటే సరిగ్గా మీ 1.2 పీహెచ్, రావడానికి 7 మైక్రోఆంపులు చాలు. రెండు పిన్నుల అడాప్టర్‌కి ఎర్త్ లేదు కదా అంటారేమో. లోపల ప్రైమరీకి (కరెంటు లైను వైపు), సెకండరీకి (బోర్డు వైపు) మధ్య వై-కెపాసిటర్ ఉంటుంది. 1 నానోఫారడ్ అయినా 230 వోల్టులకి 72 మైక్రోఆంపుల దాకా పంపగలదు. 50 హెర్ట్జ్ సగటు సున్నా కదా అనీ ధీమా పడొద్దు. అల ఆప్-ఆంప్ సరఫరా వోల్టేజి హద్దులకి, అంటే పైరైలుకో కింది రైలుకో, కొట్టుకుంటే ఒక పక్క కోసుకుపోతుంది, సగటు జరుగుతుంది.

మీటరు దగ్గర ఇంకో ఎర్త్ రాడ్ పాతమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. దాంతో కరెంటుకి ఇంకా మంచి దారి వేసినట్టవుతుంది, రీడింగ్ ఇంకా చెడుతుంది.

రీడింగ్ ఇంతగా కదిలిందంటే ఆ మోటార్ల ఇన్సులేషన్ కూడా చూడాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగ్‌కి, బాడీకి మధ్య 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ మోటారు నీళ్లలోంచి తీసేయాలి. లైన్‌లో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (లీకేజీ కనపడగానే లైను తెంచే స్విచ్చు) లేకపోతే పెట్టించండి. మనుషులు దిగే చెరువది.

ఇక మందు ఐసొలేషన్, అంటే ప్రోబ్ వైపుకి, అడాప్టర్ వైపుకి మధ్య తీగ సంబంధం లేకుండా చేయడం. బీ0505ఎస్ డీసీ-డీసీ మాడ్యూల్‌తో ప్రోబ్ వైపు సరఫరా విడదీయండి. సిగ్నల్‌కి ఏడీయూఎం1250 ఐ2సీ (చిప్పులు మాట్లాడుకునే రెండు తీగల లైను) ఐసొలేటర్ వాడి, రెండు వైపులా 4.7 కిలోఓమ్‌ల పుల్-అప్‌లు (ఆ తీగల్ని సరఫరా వోల్టేజికి లాగే రెసిస్టర్లు) పెట్టండి. ఒక వైపే పెట్టి ఆ లైను ఎందుకు పలకట్లేదని వెతుక్కునేవాళ్లు ఎక్కువ. బీ0505ఎస్‌కి రెగ్యులేషన్ ఉండదు, లోడు 10 శాతం లోపు ఉంటే వోల్టేజి పైకి లేస్తుంది. దాని ఔట్‌పుట్ మీద 240 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే 21 మిల్లీఆంపుల డమ్మీ లోడు దొరుకుతుంది. ఆ తర్వాత హెచ్‌టీ7333 రెగ్యులేటర్‌తో 3.3 వోల్టులకి దించండి. బోర్డు మీద రెండు గ్రౌండ్‌ల మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు రాగి లేకుండా వదలండి. ప్రోబ్ వైపుకి యూఎస్‌బీ కేబుల్ గుచ్చితే మాత్రం ఐసొలేషన్ అక్కడితో సరి.

ప్రోబ్ వైపు సర్క్యూట్ చిన్నదే. ఎలాగూ 3.3 వోల్టులకి దిగారు కాబట్టి ఇప్పుడు ఎల్ఎంసీ6482 (ఒకే చిప్పులో రెండు ఆప్-ఆంప్‌లు) వేయండి, దాని ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ రైలు దాకా పోతాయి. ఒక సగం ఎలక్ట్రోడ్‌కి బఫర్, అంటే దాని వోల్టేజిని మార్చకుండా ముందుకి అందిస్తుంది. రెండో సగం, రెండు 10 కిలోఓమ్‌ల డివైడర్ నుంచి 1.65 వోల్టులు తీసి బీఎన్‌సీ (ప్రోబ్ కేబుల్ తగిలించే కనెక్టర్) బయటి పొరకి ఇస్తుంది. రెండు ఔట్‌పుట్‌లూ ఏడీఎస్1115కి (వోల్టేజిని అంకెగా మార్చే చిప్పు) డిఫరెన్షియల్‌గా, అంటే రెంటి తేడా కొలిచేలా, ఇవ్వండి. ±2.048 వోల్టుల రేంజిలో ఒక మెట్టు 62.5 మైక్రోవోల్టులు, అంటే ఒక పీహెచ్‌కి 946 మెట్లు. గెయిన్ స్టేజి (సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) అక్కర్లేదు, దాని ఆఫ్‌సెట్ బాధా లేదు. బఫర్ తర్వాత 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడితే 50 హెర్ట్జ్ ముప్పయ్యో వంతు కన్నా తక్కువకి దిగుతుంది. రెసిస్టర్ వల్ల వచ్చే 0.2 శాతం తేడా పీహెచ్ ముందే తెలిసిన రెండు బఫర్ ద్రావణాలతో చేసే క్యాలిబ్రేషన్‌లో కలిసిపోతుంది. ఇన్‌పుట్‌కి రక్షణ అని షాట్కీ డయోడ్‌లు పెట్టొద్దు, వాటి లీకేజీ ముందు ఎలక్ట్రోడ్ ఆనదు. సిరీస్‌లో 10 కిలోఓమ్‌లు చాలు.

పుస్తకాలూ వీడియోలూ చెప్పనిది మన డెల్టా గాలి గురించి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలికి బోర్డు మీద కంటికి కనపడని తడి పొర పడుతుంది. ఎల్ఎంసీ6482లో ఇన్‌పుట్ 3వ పిన్ను, పక్కనే 4వ పిన్ను గ్రౌండు. ఆ రెంటి మధ్య లీకేజీ 1 గిగాఓమ్ అయిందనుకోండి, 1.65 వోల్టుల్లో 150 మిల్లీవోల్టులు పోతాయి. రెండున్నర పీహెచ్ తప్పు! 3వ పిన్ను లేపి, గాలిలోనే బీఎన్‌సీ మధ్య తీగకి సోల్డర్ చేయండి. కుదరకపోతే 1, 2 పిన్నులకి కలిపిన గార్డ్ రింగ్‌ని (లీకేజీని అడ్డుకునే రాగి గీత) 3 చుట్టూ రెండు పొరల్లోనూ తిప్పండి. ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, 60 డిగ్రీల్లో గంట ఆరబెట్టి, వేలు తగలకుండా కోటింగ్ కొట్టండి. తడి మీద కోటింగ్ కొడితే తడిని లోపల బంధించినట్టే.

టెంపరేచర్ కాంపెన్సేషన్‌కి ముందు పరుగెత్తకండి. 32 డిగ్రీలకి వాలు, అంటే ఒక పీహెచ్‌కి వచ్చే వోల్టేజి, 60.5 మిల్లీవోల్టులు అవుతుంది, 8.1 దగ్గర తేడా 0.03 లోపే. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు 741 అనే పాత ఆప్-ఆంప్‌ని ±15 వోల్టుల మీద నేర్పి, లీకేజీ, గార్డ్, ఐసొలేషన్ అనే మాటలు ల్యాబ్‌లో వినపడకుండా పంపించేస్తున్నారు. పిల్లలు వచ్చి పడేది ఈ చెరువు గట్ల మీద.

అన్నీ కట్టాక పెట్టె మూసే ముందు పవర్ బ్యాంక్ మీద ఒకసారి, అడాప్టర్ మీద ఒకసారి చూడండి. ఏరియేటర్ తిరుగుతుండగా రెండు రీడింగ్‌ల తేడా 0.05 లోపు ఉండాలి. దాటితే ఐసొలేషన్‌ని ఏదో తీగ ఇంకా దాటుతోంది. చాలాసార్లు అది ప్రోబ్ కేబుల్ షీల్డు, ఇనప పెట్టెకి తగిలి ఉంటుంది.