నాన్నగారి మూత్రం సమస్య: షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూపించండి

మీ నాన్నగారికి ఏళ్లుగా టైప్ 2 షుగర్ ఉంది, సగం రోజు గడిచినా మూత్రానికి వెళ్లాలనిపించదు, వెళ్తే సన్నగా వచ్చి ఆగిపోతుంది, ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోంది అన్నారు. దయచేసి వయసు వల్లే అని వదిలేయకండి. చాలాకాలం షుగర్ ఎక్కువగా ఉంటే పాదాలు మొద్దుబారినట్టే మూత్రాశయం నరాలూ దెబ్బతింటాయి. మూత్రాశయం సంచి నిండినా మెదడుకు కబురు అందదు. సాగి సాగి కండరం బలం తగ్గుతుంది, లోపల మిగిలిపోయిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

యూరాలజిస్టు (మూత్ర సమస్యల డాక్టరు) దగ్గర ముందు అడగాల్సింది ఒకటే: మూత్రం పోసిన వెంటనే అల్ట్రాసౌండ్ చేసి ఎంత మిగిలిందో చూడమనండి. 200 మి.లీ. దాటితే సరిగా ఖాళీ కావడం లేదన్నట్టే. ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరిగినా ఇవే లక్షణాలు ఉంటాయి కాబట్టి అదీ తేల్చుకోవాలి.

వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. పాదాల మంటకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, కొన్ని జలుబు మాత్రలు మూత్రాన్ని ఇంకా బిగబట్టేస్తాయి. చాలామంది ఇవి వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పరు. సొంతంగా మాత్రం ఆపకండి.

ఈలోగా అనిపించినా అనిపించకపోయినా మూడు నాలుగు గంటలకోసారి వెళ్లమనండి. ఒకసారి అయ్యాక రెండు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. నీళ్లు తగ్గించొద్దు. అప్పటికీ ఖాళీ కాకపోతే రోజుకు కొన్నిసార్లు సన్నని గొట్టంతో మూత్రం తీసుకోవడం నేర్పిస్తారు. వినగానే భయమేస్తుంది గానీ కిడ్నీలను కాపాడేది అదే.

చలిజ్వరం వచ్చినా, పొత్తికడుపు ఉబ్బి మూత్రం అసలు రాకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.