ఇల్లు తాకట్టు పెట్టి మూడో టర్ఫ్ వేయొచ్చా?

ప్రశ్న: మాది సికింద్రాబాద్. అడ్డగుట్టలో ఒకే గదిలో ఆరుగురం పెరిగాం. నాన్న మోండా మార్కెట్‌లో హమాలీ. టెన్త్ అవగానే స్పోర్ట్స్ షాపులో పనికి కుదిరాను. రాకెట్లకి గట్టింగ్ (తీగలు బిగించడం), బ్యాట్లకి నాకింగ్ (సుత్తితో కొట్టి ఆటకి సిద్ధం చేయడం) అక్కడే నేర్చుకున్నాను. తర్వాత సొంత షాపు పెట్టాను. 8 లక్షల ముద్ర లోన్ తీసుకుని, దానికి నా పొదుపు కలిపి ఉప్పల్ వైపు బాక్స్ క్రికెట్ టర్ఫ్ (చుట్టూ నెట్లు కట్టి గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న మైదానం) వేశాను. ఆ లోన్ తీరిపోయింది. ఇప్పుడు రెండు టర్ఫ్‌లు, షాపు కలిపి ఖర్చులన్నీ పోను నెలకి 2.2 లక్షలు మిగులుతోంది. ఇంటి ఖర్చు 90 వేలు, అక్కకి, చుట్టాలకి ఇచ్చేది 40 వేల దాకా, చిట్టీ 25 వేలు. బ్యాంకులో 11 లక్షలు ఉన్నాయి. నాన్న పేరు మీద కొన్న ఇల్లు ఉంది, దాని మీద అప్పు లేదు. మూడో టర్ఫ్‌కి 45 లక్షలు కావాలి. ఇంటి మీద 35 లక్షలు పదేళ్ళకి 10.5 శాతం వడ్డీతో ఇస్తామంటున్నారు. స్థలం అద్దె నెలకి 90 వేలు, లీజు ఐదేళ్ళు. బ్యాడ్మింటన్ గోపీచంద్ గారు కూడా ఇల్లు తాకట్టు పెట్టే కదా అకాడమీ కట్టింది! వయసు 36, ఇద్దరు పిల్లలు. ముందుకు వెళ్ళమంటారా?

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన బుకింగ్ పుస్తకం ఫోటోలన్నీ చూశాను. ఏ స్లాట్‌కి ఎవరు వచ్చారు, ఎంత ఇచ్చారు, వాన పడి ఎంత వెనక్కిచ్చారు, అన్నీ రాసి పెట్టారు. ఇంత శ్రద్ధగా లెక్క రాసే వ్యాపారులు నాకు చాలా తక్కువమంది తెలుసు. అడ్డగుట్ట నుంచి ఇక్కడిదాకా రావడానికి మీ కష్టం ఎంత కారణమో ఈ పుస్తకమూ అంతే కారణం. అందుకే నా జవాబు కూడా ఆ పుస్తకం నుంచే చెబుతాను. ఈ లెక్కన అయితే వద్దు. ఇల్లు మాత్రం అసలే వద్దు.

మీ రెండు టర్ఫ్‌లూ సగటున రోజుకి ఆరు గంటలు నడుస్తున్నాయి. జీఎస్టీ పోను గంటకి సుమారు 1,000 రూపాయలు వస్తోంది. ఇప్పుడు మూడోదాని నెల ఖర్చు చూడండి. అద్దె 90 వేలు, ఇద్దరు కుర్రాళ్ళ జీతాలు 36 వేలు, కరెంటు 20 వేలు, యాప్ కమీషన్లు, చిల్లర రిపేర్లు 10 వేలు. 35 లక్షల అప్పుకి ఈఎంఐ 47,200 పైన. దీనికి మీరు వేసుకోని ఖర్చు ఇంకొకటి ఉంది, అది కార్పెట్, అంటే నేల మీద పరిచే ప్లాస్టిక్ గడ్డి. మీకొచ్చిన కొటేషన్‌లో కార్పెట్‌కే 9 లక్షలు ఉంది. మన ఎండకి, రాత్రీపగలూ పడే బూట్ల స్పైక్స్‌కి అది ఆరేళ్ళు ఆగితే గొప్ప. అంటే నెలకి 12,500 చొప్పున పక్కన పెడితే తప్ప అప్పటికి కొత్తది వేయలేరు. అన్నీ కలిపితే 2.16 లక్షలు. రోజుకి ఏడు గంటలకి పైగా, నెలలో ఒక్క రోజూ ఖాళీ లేకుండా బుక్ అయితే మీకు మిగిలేది సున్నా. నాలుగేళ్ళుగా నడుస్తున్న మొదటి టర్ఫ్‌కే ఏడు గంటలు రావడం లేదు. కొత్త చోట మొదటి ఏడాదే వస్తాయని ఏ ధైర్యంతో అనుకోవాలి?

ఇంకో లెక్క కూడా చూడండి. ఆరేళ్ళు కడుతూ వెళ్ళాక ఆ అప్పులో ఇంకా 18 లక్షలకి పైగా మిగిలి ఉంటుంది. అప్పటికి కార్పెట్ పోయి ఉంటుంది, ఐదేళ్ళ లీజూ అయిపోయి ఉంటుంది. స్థలం ఓనర్ అపార్ట్‌మెంట్ కట్టుకుంటానంటే స్తంభాలు, నెట్లు, లైట్లు విప్పుకుని వచ్చేయాల్సిందే. అప్పు మాత్రం నాన్న ఇంటి మీద ఇంకో నాలుగేళ్ళు నడుస్తూనే ఉంటుంది.

గోపీచంద్ గారి మాట ఎత్తారు కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆయన ఇల్లు తాకట్టు పెట్టిన మాట నిజమే, ఆ తెగువకి ఎవరైనా నమస్కారం పెట్టాల్సిందే. కానీ అది 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన తర్వాతి మాట. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు 45 ఏళ్ళ లీజుకి ఇచ్చింది. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ గారు 5 కోట్లు విరాళమిచ్చారు. అకాడమీ మొదలయ్యేసరికి 2008 వచ్చింది. అంటే ఆ తాకట్టు వెనక పేరుంది, చేతిలో దీర్ఘకాలం ఉండే స్థలముంది, తిరిగి కట్టక్కర్లేని డబ్బుంది. కింద నుంచి పైకొచ్చినవాళ్ళ కథలు చెప్పేటప్పుడు మనం ఇల్లు తాకట్టు దగ్గరే ఆగిపోతాం. దాన్ని మోసిన మిగతావి ఎవరూ చెప్పరు. మీకు ఉన్నది ఐదేళ్ళ లీజు, 11 లక్షలు, ఆ ఇల్లు. డబ్బున్న ఇంట్లో పుట్టినవాళ్ళ వ్యాపారం దెబ్బ తింటే వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్తారు. మీ ఇంట్లో నాన్నే మీ దగ్గరికి వస్తారు. ఈ తేడా మర్చిపోయి ఎవరు సలహా ఇచ్చినా తీసుకోకండి.

తాకట్టు అంటే ఏమిటో కూడా తెలిసి ఉండాలి. ఇల్లు నాన్న పేరు మీద ఉంది కాబట్టి బ్యాంకు ఆయన చేత కూడా సంతకాలు పెట్టించుకుంటుంది. కంతు 90 రోజులు ఆగితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు తీర్పు కోసం చూడకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకి ఉంది. 64 ఏళ్ళ వయసులో ఆ నోటీసు మీ నాన్నగారి పేరు మీద ఇంటికొస్తుంది.

‘ఒకటి పడుకున్నా మిగతా రెండూ లాగుతాయి’ అని రాశారు. వాన ఉప్పల్‌లో ఒక టర్ఫ్ మీద మాత్రమే పడదు కదా! మీ పుస్తకంలోనే ఉంది, జులై నుంచి సెప్టెంబర్ దాకా రెండు చోట్లా రోజుకి నాలుగు గంటలే. షాపు కూడా ఆ నెలల్లో 60 వేలకి పడిపోతోంది. అలాంటి నెలలో రెండు పాత టర్ఫ్‌ల మీద మిగిలేది 8 వేలు. మూడోది 96 వేలు తింటుంది. అంటే వ్యాపారం మొత్తం మీద 28 వేలు చేతి నుంచి పడుతుంది. ఇంటి ఖర్చు 90 వేలు వేరే. మూడు నెలలు ఇలా నడిస్తే మూడున్నర లక్షలు కావాలి. కానీ మీ 11 లక్షల్లో 10 లక్షలు అప్పటికే టర్ఫ్‌లోకి వెళ్ళిపోయి ఉంటాయి.

పైగా ఇప్పుడు మిగులుతోందనుకుంటున్న 2.2 లక్షలు కూడా పూర్తిగా మీవి కావు. పాత కార్పెట్లు రెండూ అరుగుతున్నాయి. వాటికి నెలకి 25 వేలు తీస్తే మీ అసలు మిగులు 1.95 లక్షలు. మొదటి దాని వయసు నాలుగేళ్ళంటున్నారు కాబట్టి ఇంకో రెండేళ్ళలో 9 లక్షలు చేతిలో ఉండాలి. ముందు చూడాల్సింది మూడోది కాదు, ఇది.

ఈ నెలే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వ్యాపారానికి, ఇంటికి ఒకే ఖాతా వాడుతున్నారు. రెండుగా విడదీయండి. ఒకటో తారీఖున మీకు మీరే 1.3 లక్షలు జీతం వేసుకోండి. ఇల్లు, చుట్టాలు, అన్నీ అందులోనే. 11 లక్షల్లో 5.5 లక్షలు ఇంటి ఆర్నెల్ల ఖర్చుగా ఎఫ్‌డీ చేసి మర్చిపోండి. మిగతాది వానాకాలానికి, కార్పెట్‌కి. చిట్టీ రిజిస్టర్ అయిన కంపెనీదా, కాలనీలో నమ్మకం మీద నడిచేదా అన్నది రాయలేదు. రెండోదైతే ఈ పాట పూర్తి కాగానే మానేయండి.

మీకు టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతే ఇంటివాళ్ళకి డబ్బిచ్చే పాలసీ) లేదని చదివి నాకు నిజంగా భయమేసింది. ఆరుగురు మీ మీద బతుకుతున్నారు. కనీసం 1.5 కోట్లకి తీసుకోండి. తీసుకునేటప్పుడే 1874 నాటి మ్యారీడ్ ఉమెన్స్ ప్రాపర్టీ యాక్ట్ కింద ఇమ్మని అడగండి. అలా తీసుకున్న పాలసీ డబ్బు మీ భార్యాపిల్లలదే అవుతుంది, వ్యాపారం అప్పులవాళ్ళు దాని జోలికి రాలేరు. తర్వాత మార్చుకోవడం కుదరదు, ఫారం నింపే రోజే చెప్పాలి. అమ్మానాన్నలకి హెల్త్ పాలసీ కూడా వెంటనే తీసుకోండి. నాన్నకి షుగర్ ఉందన్నారు, ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. కాబట్టి ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది.

చుట్టాలకి ఇచ్చే డబ్బు గురించి సిగ్గుపడుతూ రాశారు. సిగ్గెందుకు? వాళ్ళ ఇళ్ళలో తిని పెరిగారు, ఇవ్వాలనిపించడం సహజం. కాకపోతే నెలకి 30 వేలని ఒక అంకె పెట్టుకోండి. అది అయిపోయాక ఎవరైనా అడిగితే వచ్చే నెల అని చెప్పండి. టర్ఫ్ చూసుకుంటున్న తమ్ముడికి చేబదులు ఇస్తున్నట్టు కాకుండా నెల జీతం ఇవ్వండి. లేకపోతే రేపు అతను వాటా అడిగినా, మీరు కాదన్నా ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తుంది.

ఇక పెరగాలన్న కోరిక. అది ఆపమని నేను చెప్పను. మీ పుస్తకంలో ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా వారం రోజులూ ఖాళీ గళ్ళే ఉన్నాయి. ఆ టైమ్‌లో పిల్లల కోచింగ్ బ్యాచ్‌లు పెట్టండి. పిల్లాడికి నెలకి 2,000 చొప్పున రెండు చోట్లా కలిపి 40 మంది చేరితే 80 వేలు. కోచ్‌కి సగం పోయినా 40 వేలు మిగులుతుంది, దానికి ఒక్క రూపాయి అప్పు అక్కర్లేదు. బ్యాట్, ప్యాడ్లు ఎలాగూ మీ షాపులోనే కొంటారు.

మూడో స్థలం ఓనర్ నెలాఖరుకల్లా చెప్పమన్నారన్నారు కదా. ఆయన్ని రెండు అడగండి. ఒకటి, అద్దె 90 వేలు కాకుండా బుకింగ్స్‌లో 30 శాతం. ఆరు గంటలు నడిస్తే ఆయనకి 54 వేలు వస్తుంది, ఇంకా ఎక్కువ నడిస్తే ఆయనకీ లాభమే. రెండు, తొమ్మిదేళ్ళ లీజు, రిజిస్టర్ చేసి ఇవ్వాలి, మధ్యలో ఖాళీ చేయిస్తే మీరు పెట్టిన డబ్బులో వాటా ఇవ్వాలి. ఈ రెండింటికీ ఒప్పుకుని, నేల చదును చేయడం, ప్రహరీ, బాత్రూమ్‌లు ఆయన ఖర్చు కిందకి వస్తే మీ పెట్టుబడి బాగా తగ్గుతుంది. అప్పుడు అప్పు కోసం ఇంటి దాకా వెళ్ళక్కర్లేదు. ముద్రలో తరుణ్ అనే రకం లోన్ తీసుకుని పూర్తిగా తీర్చినవాళ్ళకి 2024 నుంచి తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తున్నారు. మీ 8 లక్షలు తరుణ్ కిందకే వస్తాయి. పాత బ్యాంకుకే వెళ్ళి, క్లోజర్ లెటర్, ఈ బుకింగ్ పుస్తకం, మూడేళ్ళ రిటర్న్‌లు చూపించి అడగండి. అంతకన్నా ఎక్కువ కావాల్సి వస్తే ఏడాది ఆగండి. ఓనర్ ఒప్పుకోకపోతే ఆ స్థలం వదిలేయండి, టోకెన్ అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకండి.